రెండు పాత కార్డులు, ఒక బక్క ఎస్ఎంపీఎస్

ప్రశ్న: అన్నా, నేను ఖమ్మంలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో ఐ5 4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న అసెంబుల్డ్ సిస్టమ్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు లేదు. సెకండ్‌హ్యాండ్‌లో రెండు చూశాను. జీటీఎక్స్ 1060 6 జీబీకి ఆరున్నర వేలు, ఆర్ఎక్స్ 580 8 జీబీకి అయిదు వేలు చెబుతున్నారు. స్పెసిఫికేషన్లు చూస్తే 580యే పెద్దది, పైగా ధర తక్కువ. మరి 1060కి ఎందుకు ఎక్కువ అడుగుతున్నారు? నేను వాలరెంట్, జీటీఏ 5 ఆడతాను. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ ప్రోగ్రామ్ నేర్చుకుందామనుకుంటున్నాను. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్. సిస్టమ్‌కి కరెంటు పంచే డబ్బా, అదే ఎస్ఎంపీఎస్, దాని మీద 450 వాట్స్ అని రాసి ఉంది. నాన్న ఏడు వేలకు పైన పైసా ఇవ్వనన్నారు. ఏది తీసుకోమంటారు?

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఆగింది కార్డుల దగ్గర కాదు. ఎస్ఎంపీఎస్ మీద 450 అని "రాసి ఉంది" అన్నావు చూడు, అక్కడ. దాని సంగతి చెబుతాను కానీ, ముందు నువ్వడిగిన దానికి వద్దాం.

కాగితం మీద నువ్వు చూసింది తప్పేం కాదు. 1060ని ఎన్విడియా 2016 జూలైలో వదిలింది. 580ని ఏఎండీ 2017 ఏప్రిల్‌లో తెచ్చింది. నిజానికి అది అంతకుముందు ఏడాది వచ్చిన 480కే కాస్త వేగం పెంచి కొత్త పేరు పెట్టిన కార్డు. వచ్చినప్పుడు 1060 6 జీబీ 249 డాలర్లు, 580 8 జీబీ 229 డాలర్లు. అంటే మొదటి నుంచీ ఇవి ఒకే బేరానికి పోటీ పడ్డ కార్డులే.

కార్డులో లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లను కోర్‌లంటారు. 1060లో అవి 1280, 580లో 2304. మెమరీ దారి వెడల్పు 1060కి 192 బిట్లు, 580కి 256. రెండింట్లోనూ ఉన్నది జీడీడీఆర్5 మెమరీయే, ఒక్కో తీగ మీద సెకనుకి 8 గిగాబిట్లు పోతాయి. కాబట్టి లెక్క నోటితోనే చేసెయ్యొచ్చు. 192ని 8తో గుణించి, బైట్లలోకి మార్చడానికి మళ్లీ 8తో భాగిస్తే సెకనుకి 192 గిగాబైట్లు. 580కి అదే లెక్కన 256. ఇక లెక్కలు చేసే బలం కావాలంటే కోర్‌ల సంఖ్యని రెండుతో, తర్వాత బూస్ట్ వేగంతో, అంటే కంపెనీ రాసిన పై వేగంతో గుణించాలి. 1708 మెగాహెర్ట్జ్ బూస్ట్‌తో 1060కి దాదాపు 4.4 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు) వస్తాయి. 1340తో 580కి 6.2 దాకా వస్తాయి. నలభై శాతం ఎక్కువన్నమాట.

మరి ఆటలో కూడా నలభై శాతం ఎక్కువ ఫ్రేమ్‌లు రావాలి కదా? రావు. వచ్చిన కొత్తలో అయితే చాలా ఆటల్లో 1060యే ఒక అడుగు ముందుండేది. నీకు తేడా కొట్టింది ఇక్కడే.

ఇల్లు కడుతున్న చోటికి వెళ్లి చూడు. ఒకచోట ఇరవై ముగ్గురు కూలీలున్నారు, ఇంకోచోట పదమూడు మందే. ఇరవై ముగ్గురున్న చోట మేస్త్రీ ఒక్కొక్కరికీ పని పురమాయించేలోపు సగం మంది ఇటుకల మీద కూర్చుని బీడీ ముట్టిస్తారు. 580లో జరిగేది దాదాపు ఇదే. దాని కోర్‌లకు పని 64 చొప్పున కట్టలు కట్టి ఇవ్వాలి. డైరెక్ట్ఎక్స్ 11 (ఆట అడిగేది కార్డుకి చేరవేసే సాఫ్ట్‌వేర్) కాలపు ఆటల్లో ఆ కట్టలు చేరవేసే డ్రైవర్ పని ఎక్కువగా ఒకే సీపీయూ కోర్ మీద పడేది. అది అందించలేకపోతే కార్డులో సగం బలం ఖాళీగా కూర్చుంటుంది. 1060లో మనుషులు తక్కువే కానీ ఖాళీగా ఉండరు. పైగా డబ్బా మీద రాసిన 1708 దగ్గర ఆగదు, కార్డు చల్లగా ఉంటే దానంతటదే 1850, 1900 దాకా పోతుంది. చివర్లో పిక్సెళ్లను తెర మీదికి తోసే యూనిట్లు కూడా 1060లో 48 ఉంటే 580లో 32 మాత్రమే. మెమరీ దారి ఇరుకైనా, రంగుల సమాచారాన్ని కుదించి పంపడంలో ఎన్విడియాది అప్పట్లో పైచేయి.

ఇంకో సంగతి. ఎన్విడియా కోర్‌లను 'కూడా' (CUDA) కోర్‌లంటారు. అవును, పలకడం మన 'కూడా' లాగే. చాలామంది 'క్యూడా' అంటారు, అలా అన్నా కార్డు ఏమీ అనుకోదు. ఏఎండీ వాటిని స్ట్రీమ్ ప్రాసెసర్లంటుంది. పేరు ఏదైనా, ఒక కంపెనీ కోర్‌ని ఇంకో కంపెనీ కోర్‌తో అంకె పెట్టి పోల్చకూడదు. ఒకే కంపెనీ, ఒకే తరం కార్డుల మధ్య మాత్రమే ఆ పోలిక నిలబడుతుంది. దీన్ని గుర్తుపెట్టుకో, కాసేపట్లో పనికొస్తుంది.

తర్వాత డైరెక్ట్ఎక్స్ 12, అలాంటిదే అయిన వల్కన్ వాడే ఆటలు వచ్చాయి. వాటిలో పని పంచే బాధ్యత చాలావరకు ఆట రాసేవాళ్ల చేతికి వచ్చింది, ఆ పని సీపీయూలోని అన్ని కోర్‌ల మీదా పడింది. అప్పుడు బీడీలు మానేసి 580 కూలీలంతా లేచారు. రెడ్ డెడ్ రిడంప్షన్ 2ని వల్కన్‌లో పెట్టి చూస్తే 580 స్పష్టంగా ముందుంటుంది. కొత్త ఆటల్లో టెక్స్‌చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) కూడా లావెక్కాయి. 6 జీబీ నిండిపోతే మిగతాది సిస్టమ్ ర్యామ్‌లోంచి తెచ్చుకోవాలి, ఆట ఎక్కడో ఒకచోట టక్కున ఆగి మళ్లీ నడుస్తుంది. 8 జీబీ ఉంటే ఆ బాధ కాస్త ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఆటల వరకే అడిగి ఉంటే, ఎస్ఎంపీఎస్ గట్టిదై ఉంటే, దొరికింది అసలు సిసలు 580 అయితే, నేను 580కే ఓటు వేసేవాణ్ని.

ఆ మూడు 'అయితే'లూ నీ విషయంలో కుదరడం లేదు.

మొదట ఆటలు. వాలరెంట్‌కి ఈ రెండు కార్డుల్లో ఏదైనా ఎక్కువే. అది సీపీయూ మీద బతికే ఆట, నీ 4570 ఎన్ని ఫ్రేమ్‌లు ఇవ్వగలదో అన్నే వస్తాయి, కార్డు మార్చినా అంకె పెద్దగా కదలదు. జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015లో, డైరెక్ట్ఎక్స్ 11 ఆట. 1080పీలో హై సెట్టింగ్స్ పెట్టినా రెండూ 60 ఫ్రేమ్‌లు దాటిస్తాయి. అంటే నువ్వు ఆడే ఆటల్లో నీకు తేడా కనపడదు. 580 ముందుకు దూసుకుపోయే ఆటలు నీ లిస్టులోనే లేవు.

ఇక బ్లెండర్. బేరం తేలిపోయేది ఇక్కడే. బ్లెండర్‌లో బొమ్మను ఫైనల్‌గా రెండర్ చేసే సైకిల్స్ అనే ఇంజిన్ ఒకప్పుడు ఏఎండీ కార్డుల మీద ఓపెన్‌సీఎల్ అనే పద్ధతితో నడిచేది. 2021 డిసెంబర్‌లో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఓపెన్‌సీఎల్‌ని తీసేశారు. దాని బదులు పెట్టిన కొత్త పద్ధతి ఏఎండీ తర్వాతి తరాల కార్డులకే, 580కి లేదు. కాబట్టి ఇప్పటి బ్లెండర్ వేసుకుని సైకిల్స్‌లో రెండర్ కొడితే 580 చేతులు కట్టుకుని చూస్తుంటుంది, నీ 4570లోని నాలుగు కోర్‌లే మొత్తం మోయాలి. బ్లెండర్‌లోనే ఉన్న ఈవీ అనే ఇంకో ఇంజిన్ నడుస్తుంది, మోడలింగ్ చేసుకోవచ్చు, అంతవరకు ఇబ్బంది లేదు. కానీ బ్లెండర్ మొదలుపెట్టిన ప్రతివాడూ ముందు చేసేది పాఠాల్లో నేర్పే డోనట్ బొమ్మే, ఆ డోనట్‌ని సైకిల్స్‌లో రెండర్ చెయ్యకుండా ఎవడూ ఉండడు. 1060 మీద సైకిల్స్ ఆ 'కూడా' కోర్‌లతో నడుస్తుంది. దానికి ఆరున్నర వేలు అడుగుతున్నది కొంత ఇందుకే. ఓబీఎస్ అనే ప్రోగ్రామ్‌లో స్క్రీన్ రికార్డింగ్ చేసే ఉద్దేశం ఉంటే అక్కడా 1060లో వీడియోని కుదించే ఎన్‌కోడరే మెరుగు.

580 వైపు నుంచి ఒక మాట. నీ మానిటర్‌కి ఫ్రీసింక్ (కార్డు ఇచ్చే ఫ్రేమ్‌లతో తెర వేగాన్ని కలిపి నడిపే సౌకర్యం) ఉండి, డిస్‌ప్లేపోర్ట్ లేకుండా హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటే, ఆ ఫ్రీసింక్ 580తోనే పని చేస్తుంది. 1060కి ఆ సౌకర్యం 2019 జనవరిలో డ్రైవర్ ద్వారా వచ్చింది కానీ డిస్‌ప్లేపోర్ట్ మీద మాత్రమే. 75 హెర్ట్జ్ మానిటర్‌కి ఇది పెద్ద లోటు కాదు, తెలిసి ఉండటం మంచిదని చెప్పాను.

ఇప్పుడు ఆ అయిదు వేల 580 సంగతి. ధర అంత తక్కువంటే నాకు వచ్చే మొదటి అనుమానం, అది 2048 ఎస్పీ (ఎస్పీ అంటే స్ట్రీమ్ ప్రాసెసర్లు) రకమని. 2018లో ఏఎండీ చైనా మార్కెట్ కోసం 580 పేరుతోనే 2048 కోర్‌ల కార్డు వదిలింది. 2048 కోర్‌లంటే అది 570. పేరు మాత్రం 580. చైనా నుంచి మన దగ్గరికి వచ్చే చవక కార్డుల్లో ఇవి చాలా ఉన్నాయి. అమ్మేవాడు అబద్ధమేమీ చెప్పడు, "580యే బాబూ, చూడు స్టిక్కర్" అంటాడు. కోర్‌ల అంకె పనికొస్తుందన్నాను కదా, అది ఇక్కడే. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే షేడర్స్ అన్న చోట అంకె ఉంటుంది. అసలు 580కి 2304 రావాలి. 2048 కనపడితే ధర ఇంకా దించాలి, లేదా లేచి వచ్చెయ్యాలి.

1060 వాళ్లేం తక్కువ తినలేదు. 3 జీబీ 1060 అని ఇంకోటుంది. పేరు చూస్తే మెమరీ ఒక్కటే తగ్గిందనిపిస్తుంది, కోర్‌లు కూడా 1152కి కోసేశారు. అది ఊరికే ఇచ్చినా వద్దు, 3 జీబీ ఈరోజుల్లో దేనికీ చాలదు. అసలు 6 జీబీ కార్డుకి షేడర్స్ 1280, మెమరీ దారి 192 బిట్లు కనపడాలి. మరీ దారుణమైన మోసం ఏంటంటే, ఎప్పటిదో జీటీఎక్స్ 550 టీఐ చిప్ మీద 1060 అని కార్డు లోపలి ప్రోగ్రామ్‌ని (బయోస్) మార్చి రాసి అమ్మడం. జీపీయూ-జెడ్ కొత్త వెర్షన్లు ఇలాంటివాటిని గుర్తుపట్టి పేరు ముందు ఫేక్ అని చూపిస్తాయి.

సరే, ఎస్ఎంపీఎస్. కేబినెట్ పక్క రేకు తీసి, స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఎస్ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ ఫోటో తియ్యి. పెద్ద అక్షరాల్లో ఉన్న 450ని పట్టించుకోకు, చాలా లోకల్ డబ్బాల్లో అది మోడల్ పేరు లాంటిది. పట్టికలో ప్లస్ 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడు. కార్డూ, ప్రాసెసరూ తాగేది ఆ గొట్టంలోంచే. అక్కడ 14 అని ఉందనుకో, 12ని 14తో గుణిస్తే 168 వాట్లు. నీ 4570కి కంపెనీ లెక్క 84 వాట్లు. 1060కి 120. కలిపితే 204. అప్పుడే మించిపోయింది. 580కి 185 వాట్లు, ప్రాసెసర్‌తో కలిపి 269. అలాంటి డబ్బాకి 580 తగిలిస్తే ఆట మొదలైన అయిదు నిమిషాల్లో సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, అది కూడా నీ అదృష్టం బాగుంటే. బాగోకపోతే ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోతుంది. ఒక మోస్తరు మంచి 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌కి 12 వోల్టుల మీద 30 ఆంపియర్లకు పైనే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది.

కార్డుకి కరెంటు వచ్చే దారులు రెండు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లు, ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే తీగతో మిగతాది. 6 పిన్ తీగ 75 వాట్లకు, 8 పిన్ 150కి. 1060లు చాలావరకు ఒక 6 పిన్‌తో సరిపెట్టుకుంటాయి, కొన్ని కంపెనీల మోడళ్లకు 8 పిన్ ఉంటుంది. 580కి 8 పిన్ తప్పదు. నీ ఎస్ఎంపీఎస్‌లో అసలు ఈ తీగే లేకపోతే, షాపువాడు హార్డ్‌డిస్క్ తీగ నుంచి 8 పిన్‌కి మార్చే కన్వర్టర్ ఒకటి చేతిలో పెడతాడు. తీసుకోకు. అది వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన కంపు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నీకు తెలియాల్సిన అవసరం లేదు.

కరెంటు బిల్లు గురించి కూడా ఆలోచిస్తావేమో, దాన్ని వదిలెయ్. రెండింటికీ తేడా 65 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఆడినా నెలకి ఎనిమిది యూనిట్ల లోపే. కానీ ఆ 65 వాట్లూ వేడిగా నీ గదిలోకే వస్తాయి. ఖమ్మం మే నెల ఎండల్లో, ఫ్యాన్ కింద, ఇది బిల్లు కన్నా పెద్ద విషయం. ఇన్వర్టర్ మీద సిస్టమ్ నడిపే ఇల్లయితే ఇంకా పెద్ద విషయం.

షాపులో ఎలా చూసుకోవాలో చెప్పేముందు నా దెబ్బ ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కింద నేనూ ఒక 580 కొన్నాను. ఊరు, షాపు ఎందుకులే. ఆయన సిస్టమ్‌కి తగిలించి విండోస్ చూపించాడు, యూట్యూబ్‌లో ఒక పాట వేశాడు, నేను డబ్బులిచ్చేశాను. ఇంటికొచ్చి ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు తెర మీద ఆకుపచ్చ గళ్లు, లుంగీ డిజైన్‌లాగా. తర్వాత నల్లగా అయిపోయింది. కూలర్ విప్పి చూస్తే చిప్ చుట్టూ పసుపుపచ్చగా జిగురు. పాడైన కార్డుని హీట్ గన్‌తో కాల్చి, వారం పదిరోజులు బతికేలా చేసి అమ్మారన్నమాట. తిరిగి తీసుకెళితే "టెస్టింగ్ వారంటీయే సార్, షాపు దాటితే అయిపోయింది" అన్నాడు. పాట వినిపించి కార్డు అమ్మినవాడిది ఎంత తప్పో, విని కొన్న నాదీ అంతే తప్పు.

అందుకని నువ్వు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్, కార్డుని పూర్తి బలంతో పరుగెత్తించి పరీక్షించే ఫర్‌మార్క్ వేసుకుని వెళ్లు. ముందు జీపీయూ-జెడ్‌లో అంకెలు. తర్వాత ఫర్‌మార్క్ పెట్టి పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చో. ఆయన "ఇంకెంతసేపు బాబూ" అంటాడు, అననీ. వేడి 80 డిగ్రీలు దాటుతూ పోతుంటే, ఫ్యాన్ గరగరమంటుంటే, తెర మీద చుక్కలో గీతలో వస్తుంటే వద్దని చెప్పు. వేడి ఒక్కటే సమస్య అయితే అది చిప్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోవడం కావచ్చు, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం. టెస్ట్ ఒప్పుకోని చోట కొనకు, అక్కడితో బేరం అయిపోయినట్టే.

మైనింగ్ (క్రిప్టో నాణేల కోసం కార్డుతో రాత్రింబవళ్లు లెక్కలు చేయించడం) చేసిన కార్డేమో అని టెన్షన్ పడతావు. 580 8 జీబీ అయితే చేసే ఉంటుందనుకో. ఎథీరియం మైనింగ్ 2022 సెప్టెంబర్ 15న ఆగిపోయేదాకా ఈ కార్డంటే మైనర్లకు ప్రాణం. 1060 6 జీబీని కూడా వదల్లేదు. మైనింగ్ అనగానే పారిపోవాల్సిన పని లేదు. చిప్ బాగానే ఉంటుంది, అరిగేవి ఫ్యాన్లు, ఎండేవి థర్మల్ ప్యాడ్లు. 580ల్లో అదనంగా చూడాల్సింది బయోస్. మైనింగ్ కోసం మెమరీ టైమింగ్స్ మార్చి రాసిన బయోస్ అలాగే వదిలేస్తారు, దానితో ఆటలు మధ్యలో క్రాష్ అవుతాయి. అసలు బయోస్ మళ్లీ ఎక్కించొచ్చు, కానీ మొదటి కార్డు కొంటున్నవాడికి ఆ తలనొప్పి ఎందుకు?

డ్రైవర్ల విషయంలో రెండూ ముసలివే. 1060 తరానికి కొత్త ఆటల కోసం చేసే డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేస్తామని, భద్రతకి సంబంధించినవి 2028 అక్టోబర్ దాకా ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. ఏఎండీ కూడా 580 తరాన్ని ముందే వేరే డ్రైవర్ ప్యాకేజీలోకి పక్కన పెట్టింది. డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటి కొత్త ఆటలకు రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి గీయడం) హార్డ్‌వేర్ తప్పనిసరి, అది రెండింట్లోనూ లేదు. చిన్నగా గీసి పెద్దది చేసి ఫ్రేమ్‌లు పెంచే ఎన్విడియా పద్ధతి డీఎల్ఎస్ఎస్ 1060లో లేదు, అలాంటిదే ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ పాత వెర్షన్లు మాత్రం రెండింటి మీదా నడుస్తాయి. నువ్వు ఆడే వాటికి ఇవేవీ అడ్డం కావు.

కాబట్టి నా మాట: 1060 6 జీబీ. కానీ ఆరున్నరకి కాదు. ఏళ్ల తరబడి వాడిన కార్డు అది, బాక్స్ ఉండదు, బిల్లు ఉండదు. అయిదున్నర దగ్గర మొదలుపెట్టు, ఆరుకి ఒప్పుకో. మిగిలిన వెయ్యికి సెకండ్‌హ్యాండ్ డీడీఆర్3 ర్యామ్ 8 జీబీ స్టిక్ ఒకటి వెతుకు. నీ సిస్టమ్‌లో ఇప్పుడు ఒక్క స్టిక్కే ఉంటే, బ్లెండర్‌లోనూ జీటీఏలోనూ ఆ రెండో స్టిక్ చేసే మేలు నీకే తెలుస్తుంది.

ఇదంతా ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ పాసైతేనే. 12 వోల్టుల దగ్గర 14, 16 లాంటి అంకె కనపడితే ఈ రెండు కార్డులూ నీవి కావు. అప్పుడు రెండు దార్లు. నాన్నగారి దగ్గర ఆ ఏడు వేలల్లోంచి ముందు మంచి ఎస్ఎంపీఎస్ కొనిపించుకుని, కార్డుకి ఇంకో రెండు మూడు నెలలు ఆగడం. లేదంటే జీటీఎక్స్ 1050 టీఐ చూడటం. కోర్‌లు 768, మెమరీ 4 జీబీ, ఈ రెండింటి పక్కన చిన్నపిల్లే. కానీ 75 వాట్లే కాబట్టి చాలా మోడళ్లకు స్లాట్ నుంచి వచ్చే కరెంటు చాలు, విడిగా తీగ అక్కర్లేదు. వాలరెంట్‌కి సరిపోతుంది, జీటీఏ 5కి సెట్టింగ్స్ కాస్త తగ్గించాలి, సైకిల్స్ కూడా నడుస్తుంది. దానితో 168 వాట్ల డబ్బా మీద కూడా భారం హద్దులోనే ఉంటుంది.

ఏది కొన్నా, కార్డు బిగించాక మానిటర్ తీగని మదర్‌బోర్డుకి కాదు, కార్డు వెనకున్న పోర్టుకి పెట్టు. నవ్వకు. "అన్నా, కొత్త కార్డు పెట్టినా ఫ్రేమ్‌లు పెరగలేదు" అని నాకొచ్చే ఉత్తరాల్లో సగం అక్కడే తేలిపోతాయి.